గణకయంత్రములలోని గ్రంథాలయములు

గ్రంథాలయమనగానే మన గ్రామములందలి పెద్దలకు స్ఫురించునవి బీరువాలు, పుస్తకములు, వార్తాపత్రికలు చదువుకొను బల్లలు. కంప్యూటరులను నడుపువారు కూడ గ్రంథాలయమను మాటను దినమునకు పదిమార్లు వాడుదురు. లైబ్రరీ యని వారు చెప్పునది ఇటుక గోడల కట్టడము కాదు. అందు పుస్తకములును ఉండవు. పదుగురికి పనికివచ్చు లెక్కలును పద్ధతులును అందు సిద్ధముగా వ్రాసి యుంచబడి యుండును. క్రొత్తగా ప్రోగ్రాము వ్రాయువాడు తేదీని గుణించుట, అక్షరములను తెరపై చూపుట, వర్గమూలము కట్టుట మున్నగు పనులను తానై మరల వ్రాసికొనక, ఆ లైబ్రరీలోని సిద్ధపాఠమును పిలిచి చేయించుకొనును.

ఈ సదుపాయమువలన కలిగిన మేలు చాల గొప్పది. దానివలననే ఒక చిక్కును పుట్టినది. యంత్రమును ఆద్యంతము నడుపు మూలవ్యవస్థను ఆపరేటింగు సిస్టమందురు. దానిని క్రొత్తదానిగా మార్చుకొన్నప్పుడు, ఒక్కొక్కసారి లైబ్రరీ క్రొత్తదియు, దానిని నమ్ముకొన్న ప్రోగ్రాము పాతదియు అగును. రెండును పొసగవు. నిన్నటివరకు చక్కగా నడచిన యంత్రము నేడు మొరాయించును. వ్యవస్థను తయారుగా తెచ్చుకొనక, దాని మూలప్రతిని తెచ్చి తన యింటనే కట్టుకొనువానికి ఈ చిక్కు మరింత తఱచు. ఇది ఎట్లు పుట్టెనో, డెబ్బదియైదేండ్లకు పైబడిన చరిత్రలో దానిని ఎట్లు విడదీయుచు వచ్చిరో చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

1949వ సంవత్సరము మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము మొదటిసారిగా ఒక లెక్కను పూర్తిచేసెను. సున్న మొదలు తొంబదితొమ్మిది వరకు గల సంఖ్యల వర్గములను పట్టికగా అచ్చొత్తి యిచ్చెను. ఆ యంత్రమును నిర్మించిన బృందమునకు నాయకుడు మారిస్ విల్క్స్. ప్రతి లెక్కకును అవే చిన్న చిన్న పాఠములను మరల మరల వ్రాయుట వృథాశ్రమయనియు, అందు తప్పులు దొరలుననియు వారు త్వరలోనే గ్రహించిరి. విల్క్స్‌కు శిష్యుడైన డేవిడ్ వీలర్ ఒకసారి వ్రాసిన పాఠమును ఎన్ని లెక్కలలోనైనను వాడుకొనుటకు మార్గము కల్పించెను. అట్టి పాఠములను కాగితపు టేపులపై రంధ్రములుగా పొడిచి ఒక ఉక్కు బీరువాలో భద్రపరచిరి. లైబ్రరీ యను పేరు అక్కడ అక్షరాలా సార్థకమైనది. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురును కలిసి ప్రకటించిన గ్రంథమున అట్టి పాఠములు 87 వివరింపబడినవి.

ఆనాటి పద్ధతిని గమనింపవలయును. లెక్క వేయువాడు బీరువానుండి టేపును తీసికొని, దానికి నకలు తన టేపుపై పొడిపించుకొని, అసలును మరల బీరువాలో పెట్టెడివాడు. అనగా ప్రతి ప్రోగ్రాములోను లైబ్రరీ పాఠము యొక్క సొంత నకలు ఇమిడియుండెను. తరువాత బీరువాలోని టేపును సవరించినను, మార్చినను, వాని ప్రోగ్రామునకు నష్టము లేదు. వాని నకలు వానియొద్దనే యున్నది. కాని బీరువాలోని పాఠమున దోషముండి దానిని సరిదిద్దినచో, ఆ దిద్దుబాటు పాత నకలులకు చేరదు. ఒకచోట దిద్దిన మేలు అందరికి అందవలెనన్న అందరును ఒకే ప్రతిని చదువవలయును. అందరును ఒకే ప్రతిని చదివినచో, ఆ ప్రతి మారిననాడు అందరికిని దాని తాకిడి తగులును. తరువాతి చరిత్రయంతయు ఈ రెండిటి నడుమ నడచిన నడకయే.

1960ల దశకమున అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, బెల్ ప్రయోగశాల, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కూడి మల్టిక్స్ అను పెద్ద వ్యవస్థను తలపెట్టిరి. అందు ప్రోగ్రాము నడచుచుండగనే కావలసిన పాఠమును వెదకి కలుపుకొను ఏర్పాటు ఉండెను. ఆ పనినుండి 1969లో బెల్ ప్రయోగశాల తప్పుకొనగా, అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ అను చిన్న వ్యవస్థను ఆరంభించిరి. యూనిక్స్ తొలిదినములలో కేంబ్రిడ్జి పద్ధతినే అనుసరించినది; ప్రతి ప్రోగ్రాములోను సొంత నకలుండెను. 1980ల దశకమున తెరపై చిత్రములు, కిటికీలు చూపు లైబ్రరీలు పెరిగి పెద్దవైనవి. పది ప్రోగ్రాములు నడచిన పది నకలులు జ్ఞాపకస్థానమును ఆక్రమింపజొచ్చెను. అప్పుడు కాలిఫోర్నియాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1988లో వెలువరించిన సన్‌ఓఎస్ 4.0 అను యూనిక్స్ ప్రతిలో పంచుకొను లైబ్రరీలను ప్రవేశపెట్టెను. లైబ్రరీ ఒక్కటే యుండును; ప్రోగ్రాములన్నియు దానినే వాడుకొనును.

ఇట్లు పంచుకొన్నప్పుడు లైబ్రరీకిని ప్రోగ్రామునకును నడుమ ఒక ఒడంబడిక యేర్పడును. దానిని ఒక ఉదాహరణముతో తెలిసికొందము. గ్రామకరణము వ్రాయు అడంగలులో సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పైరు అని వరుసగా గడులుండునని యనుకొందము. ఒక గుమాస్తాకు చదువు రాదు. గడులను లెక్కించుట మాత్రము వచ్చును. మూడవ గడిలోనిది శిస్తు అని వానికి చెప్పియుంచినారు. కరణము ఒకనాడు పట్టాదారు పేరునకై నడుమ నొక గడి చేర్చెను. అప్పటినుండి గుమాస్తా విస్తీర్ణమును చూచి శిస్తు అని చెప్పును. వానియందు దోషము లేదు, కరణమునందును దోషము లేదు. గడి చేరిన సంగతి గుమాస్తాకు చేరకపోవుటయే దోషము. మూలప్రతినుండి యంత్రభాషలోనికి మార్చబడిన ప్రోగ్రాము సరిగా ఆ గుమాస్తా వంటిది. దానికి పేర్లు తెలియవు. ఎన్నవ గడిలో ఏమున్నదో మాత్రమే తెలియును. లైబ్రరీలో గడుల వరుస మారినచో ప్రోగ్రామును క్రొత్త వరుస ప్రకారము మరల కట్టవలయును. అట్లు చేయనిచో అది తప్పు విలువలను చదువును, లేదా నడుమనే కూలిపోవును.

ఈ ప్రమాదమును నివారించుటకు సన్ వారు లైబ్రరీ పేరునకు రెండు సంఖ్యలు తగిలించిరి. ఉన్న గడులను కదలింపక క్రొత్తవానిని చివర చేర్చినప్పుడు చిన్నసంఖ్యను పెంచుదురు. పాత వరుసను చెరిపినప్పుడు పెద్దసంఖ్యను పెంచుదురు. ప్రోగ్రాము తాను ఏ పెద్దసంఖ్యతో ఒడంబడిక చేసికొనెనో తనలో వ్రాసికొని, దానినే వెదకును. కాబట్టి మూడవ సంఖ్య లైబ్రరీ, నాలుగవ సంఖ్య లైబ్రరీ ఒకే యంత్రమునందు పక్కపక్కన కాపురముండవచ్చును. పాత ప్రోగ్రాములు పాతదానిని, క్రొత్తవి క్రొత్తదానిని వాడుకొనును. ఉపాయము సులభమైనది. కాని అది ఆచరణలో ఎంత కష్టమో మూలప్రతినుండి వ్యవస్థలను కట్టుకొనువారి అనుభవము తెలుపుచున్నది.

1970ల దశకము చివరనుండి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్కిలీలో యూనిక్స్‌ను విస్తరించి, బర్కిలీ ప్రతియను పేర పంచిపెట్టుచుండిరి. 1992లో విలియం జోలిట్స్, లిన్ జోలిట్స్ అను దంపతులు దానిని సామాన్యులు కొనదగిన చిన్న యంత్రములపై నడచునట్లు చేసిరి. ఆ కృషినుండి 1993లో ఫ్రీబీఎస్‌డీ అను వ్యవస్థ పుట్టినది. యూనిక్స్ హక్కుదారులు వేసిన వ్యాజ్యము 1994లో రాజీపడగా, వివాదము లేని బర్కిలీ మూలప్రతిపై దానిని మరల నిలిపి, ఆ సంవత్సరము నవంబరులో 2.0వ ప్రతిని విడుదల చేసిరి. ఈ వ్యవస్థలో ఒక విశేషమున్నది. కెర్నెలు అను మూలకేంద్రము, లైబ్రరీలు, నిత్యము వాడు పనిముట్లు, వానిని కట్టు ఉపకరణములు అన్నియు ఒకే వృక్షము వంటి మూలప్రతిలో నుండును. ఆ మూలప్రతిని తెచ్చుకొన్నవాడు తన వ్యవస్థ నంతటిని తన యింట తానే కట్టుకొనవచ్చును.

ఎందుకీ శ్రమయని కొందరడుగుదురు. నేడు సిద్ధముగా కట్టిన ప్రతులు దొరకుచున్నవి; అనేకులు వానినే వాడుచున్నారు. ఐనను మూలప్రతి తన చేతిలో నున్నవాడు తన యంత్రము చేయుచున్న పనిని తాను చదివి తెలిసికొనగలడు. అక్కరలేనిదానిని తీసివేయగలడు, దోషము కనబడిన తానే దిద్దగలడు. పరుల దయకై వేచియుండనక్కరలేదు. ఈ స్వాధికారమును నిలుపుకొనుటకే కొందరు ఆ శ్రమకు సిద్ధపడుదురు. కాని కాపురమున్న యింటికి పునాది మార్చుట వంటిది ఆ పని. క్రొత్త వ్యవస్థను కట్టవలసినది పాత వ్యవస్థలోని పనిముట్లే. క్రొత్తదానిని ప్రతిష్ఠించునప్పుడు ఆ పనిముట్లు నమ్ముకొన్న లైబ్రరీలే వాని కాళ్ళక్రిందనుండి తొలగిపోవును. తొలిదినములలో కట్టుటయు ప్రతిష్ఠించుటయు ఒకే ఆజ్ఞతో జరుగుచుండెడిది. నడుమ ఎక్కడనైన ఆగినచో యంత్రము సగము పాతది, సగము క్రొత్తదియై, ఎటును నడువని స్థితిలో నిలిచిపోయెడిది.

1998లో ఈ కష్టము అందరికిని కనబడినది. ప్రోగ్రామును దస్త్రమున అమర్చు పద్ధతియే ఆ యేడు మారినది. ఏ.అవుట్ అను పాత అమరికకు బదులు ఈఎల్‌ఎఫ్ అను క్రొత్త అమరికను అక్టోబరులో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 3.0 స్వీకరించెను. పాత అమరికతో కట్టిన ప్రోగ్రాము క్రొత్త అమరికలోని లైబ్రరీని పట్టుకొనలేదు. అందుచే పాత లైబ్రరీలను ఏ.అవుట్ అను పేరుగల ప్రత్యేకమైన అరలోనికి తరలించి, పాత ప్రోగ్రాములకు వానిని అక్కడనుండి అందించిరి. ఈ మార్పునకై ప్రత్యేకమైన ఆజ్ఞయొకటి కల్పింపబడినది. లినక్స్ లోకమునను ఆ దినములలోనే ఇట్టి పరీక్ష వచ్చినది. అన్ని ప్రోగ్రాములకును మూలాధారమైన సి లైబ్రరీ అయిదవ సంఖ్యనుండి ఆరవ సంఖ్యకు మారినది. 1998 జులైలో వెలువడిన డెబియన్ 2.0 ఆ క్రొత్త లైబ్రరీపై నిలిచినది. అక్కడను పాత లైబ్రరీలకు వేరు అర కేటాయింపవలసి వచ్చినది. పాతవారిని వెళ్ళగొట్టుట కాదు, వారికొక గది చూపుటయే మార్గమని రెండు బృందములును వేర్వేరుగా తెలిసికొనిరి.

ఇట్టి అనుభవములనుండి క్రమమొకటి స్థిరపడినది. మొదట మూలప్రతితోపాటు వచ్చు అప్‌డేటింగ్ అను హెచ్చరికల పత్రమును చదువవలయును. పిదప లైబ్రరీలు, పనిముట్లు అన్నిటిని వేరొక స్థలమున కట్టవలయును. నడచుచున్న వ్యవస్థను అప్పుడు తాకరాదు. ఈ కట్టుటలో మొదట క్రొత్త ఉపకరణములు, వానితో క్రొత్త లైబ్రరీలు, వాని ఆధారముతో తక్కినవి సిద్ధమగును. అందుచే పాత లైబ్రరీల వాసన క్రొత్త కట్టడమునకు సోకదు. తరువాత క్రొత్త కెర్నెలును కట్టి, దానిని మాత్రమే ప్రతిష్ఠించి, యంత్రమును మరల ప్రారంభింపవలయును. అది సుఖముగా నడచినచో అప్పుడు లైబ్రరీలను పనిముట్లను ప్రతిష్ఠింపవలయును. అటుపిమ్మట ఏర్పాటుల దస్త్రములను క్రొత్తవానితో సరిచూచుకొని, తాను వేరుగా చేర్చుకొన్న ప్రోగ్రాములను మరల కట్టుకొని, పాత లైబ్రరీలను కడపట తొలగింపవలయును.

కెర్నెలే ముందేల? లైబ్రరీలు తమ పనులకై కెర్నెలును అర్జీల రూపమున ఆశ్రయించును. క్రొత్త కెర్నెలు పాత అర్జీలను కూడ చదువగలుగునట్లు కట్టబడి యుండును. పాత కెర్నెలుకు క్రొత్త అర్జీ తెలియదు; అది పుట్టిననాటికి ఆ నమూనాయే అచ్చుకాలేదు. కాబట్టి క్రొత్త కెర్నెలుపై పాత లైబ్రరీ బ్రతుకును. పాత కెర్నెలుపై క్రొత్త లైబ్రరీ బ్రతుకునన్న నమ్మకము లేదు. క్రమము తప్పి లైబ్రరీలను ముందు ప్రతిష్ఠించినచో దస్త్రముల పేర్లను చూపు చిన్న పనిముట్టు సైతము "చెడ్డ సిస్టము కాల్" అను అర్థము గల సందేశమునిచ్చి చచ్చిపోవును. ప్రతిష్ఠించుట కూడ పనిముట్లతో చేయవలసినదే కనుక, ఆ ఘడియలో కావలసిన పనిముట్లను, వాని లైబ్రరీలను ముందుగనే ఒక తాత్కాలిక స్థలమునకు నకలుచేసి, అక్కడనుండి పని నడపునట్లు నిర్మాతలు ఏర్పరచిరి.

అప్పటికిని ప్రమాదము జరిగినచో గతి యేమి? 2004 జనవరిలో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 5.2లో దీనికి జవాబున్నది. అంతవరకు దస్త్రములను కదలించు, నకలుచేయు మూలపనిముట్లలో లైబ్రరీ నకలు ఇమిడియుండెను. స్థలము కలిసివచ్చుటకును, ఇతర సౌలభ్యములకును, ఆ ప్రతియందు అవి కూడ పంచుకొను లైబ్రరీలను ఆశ్రయించినవి. ఇట్లైన లైబ్రరీ చెడిననాడు దానిని బాగుచేయు పనిముట్టే పనిచేయదు. నూతిలో పడినవానిని తీయవలసిన త్రాడు ఆ నూతిలోనే పడినట్లగును. అందుచే నెట్‌బీఎస్‌డీ అను సోదర వ్యవస్థను చూచి, రెస్క్యూ అను పేరుగల ఒక అరను కల్పించిరి. అందలి పనిముట్లు పరాధీనములు కావు. లైబ్రరీ పాఠములన్నియు వానిలోనే నకలుగా ఇమిడియుండును. 1949నాటి కేంబ్రిడ్జి పద్ధతి ఆపత్కాలమునకు మరల అక్కరకు వచ్చినది.

లైబ్రరీ యంతటికిని ఒకే సంఖ్య యుండుటలో మరియొక లోపము కనబడినది. అందలి వేయి పాఠములలో ఒక్కటి మారినను సంఖ్య మారవలయును. దానితో అన్ని ప్రోగ్రాములను మరల కట్టవలయును. ఫ్రీబీఎస్‌డీలో సి లైబ్రరీ నాలుగవ ప్రతిలో 4, అయిదవ ప్రతిలో 5, ఆరవ ప్రతిలో 6, ఏడవ ప్రతిలో 7 అని పెరుగుచు వచ్చినది. అంతకంటె పెద్ద అపాయమింకొకటి గలదు. ఒక ప్రోగ్రాము ఏడవ సంఖ్యను ఆశ్రయించి, దానికి తోడ్పడు వేరొక లైబ్రరీ ఆరవ సంఖ్యను ఆశ్రయించినచో, రెండు సి లైబ్రరీలును ఒకే ప్రోగ్రాములో ప్రవేశించును. ఒకదాని ఖాతాలో అప్పుతీసికొన్న జ్ఞాపకస్థలమును వేరొకదాని ఖాతాలో జమకట్టుట జరుగును. అట్టి ప్రోగ్రాము ఎప్పుడు కూలునో, ఎందుకు కూలునో తెలియదు.

దీనికి సంఖ్యను లైబ్రరీకి కాక ప్రతి పాఠము పేరునకును తగిలించుట మందుగా కనిపెట్టబడినది. 1990ల దశకమున సొలారిస్ అను సన్ వారి వ్యవస్థయు, పిదప లినక్స్ లైబ్రరీయు ఈ దారిని త్రొక్కెను. ఫ్రీబీఎస్‌డీ దానిని 2008 ఫిబ్రవరిలో వెలువడిన 7.0లో స్వీకరించెను. మన పెద్దలకు దీనిని బోధపరచుటకు నయాపైసయే చాలును. 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయికి నూరు పైసలను లెక్క వచ్చినది. అంతకుముందు రూపాయికి పదియారణాలు, అరువదినాలుగు పైసలు. పేరు పైసయే, విలువ వేరు. క్రొత్తదానిని నయాపైసయని పిలిచి, పాత నాణెములను కొంతకాలము దానితోపాటు చెల్లనిచ్చిరి. పాత నాణెములు మరుగుపడిన పిదప, 1964లో నయా అను మాట తొలగినది. లైబ్రరీలో జరుగునదియు అట్టిదే. ఒకే పేరుగల పాఠము పాత గురుతుతో నొకటి, క్రొత్త గురుతుతో నొకటి ఒకే లైబ్రరీలో నుండును. పాత ప్రోగ్రాము అడిగిన పాతది, క్రొత్త ప్రోగ్రాము అడిగిన క్రొత్తది దొరకును.

ఈ మందు యొక్క బలము 2017లో తేలినది. ప్రతి దస్త్రమునకును వ్యవస్థ ఒక వరుససంఖ్య నిచ్చును. ఆ సంఖ్యకు కేటాయించిన స్థలము 32 ద్వ్యంకములు. అనగా సుమారు 429 కోట్ల వరకే లెక్క సాగును. నిల్వయంత్రములు పెరిగిన యీ కాలమునకు అది చాలదని ఆ యేడు మే నెలలో దానిని 64 ద్వ్యంకములకు విస్తరించిరి. ఇది అడంగలులో గడిని వెడల్పు చేయుట వంటిది. దాని తరువాతి గడులన్నియు కదలును. దస్త్రము యొక్క వివరములడుగు ప్రతి ప్రోగ్రామునకును ఇది తగులును. ఐనను సి లైబ్రరీ సంఖ్య 7గానే నిలిచినది. పాత గురుతుగల పాఠములు పాత గడులతో అట్లే యుండగా, క్రొత్త గురుతుతో క్రొత్త పాఠములు చేర్చబడినవి. పాత అర్జీలను చదువుటకు కెర్నెలులోను ఏర్పాటు చేసిరి. 2018 డిసెంబరులో వెలువడిన 12.0 ఈ మార్పును అందరికి అందించినది. హెచ్చరికల పత్రము మాత్రము కెర్నెలును ముందు ప్రతిష్ఠించి, యంత్రమును మరల ప్రారంభించిన పిదపనే తక్కినవానిని తాకుడని చెప్పినది. దానిని చదువక తొందరపడినవారికి కష్టము తప్పలేదు.

దీనికి భిన్నమైన మార్గమును అవలంబించినవారును కలరు. ఓపెన్‌బీఎస్‌డీ యను వ్యవస్థవారు 2014 మేలో వెలువరించిన 5.5లో కాలమును లెక్కించు సంఖ్యను 64 ద్వ్యంకములకు పెంచిరి. 1970 జనవరి 1వ తేదీనుండి గడచిన సెకండ్లను లెక్కించు 32 ద్వ్యంకముల పాత సంఖ్య 2038 జనవరి 19వ తేదీన నిండిపోవును. ఆ గండమును వారు ముందుగనే దాటదలచిరి. పాత లైబ్రరీలను చిరకాలము వెంట మోయుట వారి పద్ధతి కాదు. మూలప్రతినుండి మెట్టుమెట్టుగా కట్టుకొని దీనిని దాటబోవలదనియు, సిద్ధముగా కట్టిన ప్రతిని తెచ్చుకొని సర్వమును ఒక్కమారే మార్చుకొనుడనియు వారు చెప్పిరి. పాతదానిని మోయుటవలన మూలప్రతి బరువెక్కును; ఎవరును చూడని మూలలలో దోషములు దాగును. కావున వారి మాటయందును న్యాయమున్నది. ఐనను నిర్మాత లోకమును విడిచిన ప్రోగ్రాములు, మూలప్రతి దొరకని ప్రోగ్రాములు లోకమున ననేకములు. వానిని మరల కట్టుట యెవరివల్లను కాదు. పాత ఒడంబడిక నిలిచినంతకాలమే వానికి ఆయువు.

ఇక చిక్కు వచ్చినప్పుడు దానిని గుర్తించుట యెట్లు? వైద్యుడు నాడి చూచినట్లు యంత్రమిచ్చు సందేశమును చదువవలయును. ఫలానా లైబ్రరీ కనబడలేదు, ఫలానా ప్రోగ్రామునకు అది కావలెను అని సందేశము వచ్చినచో, ప్రోగ్రాము పాతది, లైబ్రరీ తొలగింపబడినది అని అర్థము. 2023 నవంబరులో ఫ్రీబీఎస్‌డీ 14.0 వెలువడినప్పుడు రహస్యలేఖనమునకు వాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీల సంఖ్య 111నుండి 30కి మారినది. సంఖ్య తగ్గినట్లు కనబడినను అది క్రొత్త ఒడంబడికయే. పాతదానిని తొందరపడి తొలగించినవారి ప్రోగ్రాములు 111 కనబడలేదని ఆగిపోయినవి. మందు, ఆ ప్రోగ్రాములను మరల కట్టుట. అంతవరకు పాత లైబ్రరీని నిలిపియుంచుట. కొందరు క్రొత్త లైబ్రరీకే పాత పేరు పెట్టి యంత్రమును ఏమార్ప జూతురు. అది క్రొత్త అడంగలుకు పాత అట్ట వేయుట వంటిది. గుమాస్తా నమ్మును; లెక్క తప్పును. ఆగిపోయిన ప్రోగ్రాముకంటె తప్పులెక్క చెప్పు ప్రోగ్రాము ఎక్కువ హాని చేయును.

చెడ్డ సిస్టము కాల్ అను సందేశము వచ్చినచో కెర్నెలు పాతది, లైబ్రరీ క్రొత్తది. క్రొత్త కెర్నెలుతో ప్రారంభించుటయే మార్గము. లైబ్రరీ ఉన్నది గాని అందు ఫలానా పేరు లేదని వచ్చినచో ప్రోగ్రాము క్రొత్తది, లైబ్రరీ పాతది. ప్రతిష్ఠాపన నడుమ ఆగినదేమో చూడవలయును. ఏ సందేశమును లేక ప్రోగ్రాము కూలినచో ఒకే లైబ్రరీ రెండు సంఖ్యలతో లోపల ప్రవేశించినదేమో విచారింపవలయును. ప్రోగ్రాము ఏయే లైబ్రరీలను నమ్ముకొన్నదో చూపుటకు ఎల్‌డీడీ అను పనిముట్టు గలదు. పనిముట్లే మూలబడినచో రెస్క్యూ అర యున్నది. వీనియన్నిటికంటె ముందు చేయదగిన పని, మార్పునకు పూర్వము సర్వమునకు నకలు తీసి వేరుచోట భద్రపరచుట.

ఈ చరిత్రయందు గమనింపదగిన విషయమొకటి గలదు. ఇందలి చిక్కులు అజ్ఞానమువలన పుట్టినవి కావు. పంచుకొనుట మంచిది, దిద్దుకొనుట మంచిది, ఎవరి యంత్రమును వారే కట్టుకొనగలుగుట మంచిది. ఈ మూడును ఒకచోట కూడినప్పుడు, ఎవరు ఎవరికి ఏ మాట యిచ్చిరో వ్రాసి యుంచుకొనక తప్పదు. సంఖ్యలు, గురుతులు, హెచ్చరికల పత్రములు, పాత లైబ్రరీలకు కేటాయించిన అరలు అన్నియు అట్టి వ్రాతలే. వానిని శ్రద్ధగా నిర్వహించుచున్నవారిలో ననేకులు జీతమాశింపక పనిచేయువారు. పదునైదేండ్లనాడు కట్టిన ప్రోగ్రాము నేటి యంత్రముపై నడచుచున్నదనిన, దానిని వ్రాసినవాని నేర్పుతోపాటు, ముఖపరిచయమైనను లేని ఆ వ్యక్తికి తామిచ్చిన మాటను లైబ్రరీ నిర్వాహకులు నిలుపుకొనుటయు అందుకు కారణము.